ఆర్డెన్స్ మంచులో కూలిన ఊరు: ఒక ఎండీఎఫ్ కిట్‌పై సమీక్ష

28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలతో రెండవ ప్రపంచ యుద్ధ పోరాటాలను బల్లమీద ఆడేవారి కోసం ఒక విదేశీ సంస్థ అమ్ముతున్న శీతాకాలపు శిథిల గ్రామం కిట్‌ను నేను గత ఏడాది మార్చిలో తెప్పించుకున్నాను. విశాఖపట్నంలోని మా ఇంటికి చేరేసరికి రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి 14,000 రూపాయలు దాటింది. అంత డబ్బు పెట్టి కొనే వస్తువు గురించి తెలుగులో వివరంగా రాసినవారెవరూ నాకు కనిపించలేదు. అందువల్ల ఇళ్లన్నీ కట్టి, రంగులు వేసి, ఒక వర్షాకాలం గడిపి, ఆ ఊరిలో ఆరు ఆటలు ఆడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో లేజర్‌తో కోసిన 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసే పలక) పలకలు 22 ఉన్నాయి. వాటితో రెండంతస్తుల ఇళ్లు రెండు, పశువుల కొట్టంతో కలిసిన రైతు ఇల్లు ఒకటి, చిన్న ప్రార్థనా మందిరం ఒకటి తయారవుతాయి. నాలుగూ కూలినవే. గోడలకు అతికించడానికి రాళ్ల గీతలు చెక్కిన అట్టలు, కప్పుకు పెంకుల అట్టలు, ఒక చిన్న సంచిలో రెజిన్ రాళ్లు, ఒక డబ్బా మంచు పొడి, ఒక ట్యూబు మంచు పేస్టు కూడా ఇచ్చారు.

పెట్టెమీద ఆర్డెన్స్ (బెల్జియం, లక్సెంబర్గ్ వైపు ఉన్న కొండల అడవి ప్రాంతం), 1944 అని ఉందే కాని ఏ ఊరో చెప్పలేదు. నేను ఫోయ్‌ను మనసులో పెట్టుకుని కట్టాను. బెల్జియంలో బాస్టోన్ నుంచి ఊఫలీజ్‌కు వెళ్లే దారిలో, బాస్టోన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉత్తరాన ఉన్న చిన్న ఊరది. 1944 డిసెంబరు 16న జర్మన్ సైన్యం ఆర్డెన్స్‌లో దాడి ప్రారంభించాక ఈ ఊరు పలుమార్లు చేతులు మారింది. 1945 జనవరి 13న అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ (పారాచూట్ దళాల) డివిజన్‌లోని 506వ రెజిమెంట్ సైనికులు మంచు కప్పిన బయలు పొలాలు దాటుకుంటూ దానిమీద దాడి చేశారు. బల్లమీద ఆ పరిస్థితి కనిపించాలంటే ఒకవైపు అడవి అంచు, మధ్యలో దాక్కోవడానికి చోటే లేని తెల్లటి పొలం, అవతల రాతి ఇళ్లు ఉంటే చాలు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బల్లకు ఈ పెట్టెలోని నాలుగు కట్టడాలూ సరిగ్గా సరిపోయాయి.

ముందుగా మెచ్చుకోవలసినది కోత. పలకలనుంచి ముక్కలు వేలితో నొక్కితే ఊడివస్తాయి, కత్తి పెట్టవలసిన చోట్లు చాలా తక్కువ. అంచులోని పళ్లు ఎదుటి గోడ గాడిలోకి బిగువుగా వెళ్లి కూర్చుంటాయి కాబట్టి, ఫెవికాల్ రాసి రబ్బరు బ్యాండు చుట్టి ఒక రాత్రి వదిలేస్తే మూలలు నిటారుగా నిలుస్తాయి. పై అంతస్తు నేల విడిగా పైకి వస్తుంది. కింది గదిలో ఉన్న బొమ్మలను కదపడానికి ఇల్లంతా ఎత్తవలసిన పని లేదు. తలుపులు, మెట్లు 25 మిల్లీమీటర్ల గుండ్రటి బేసుమీద ఉన్న బొమ్మను దృష్టిలో పెట్టుకునే కోశారు. మెట్లమీద బొమ్మ జారకుండా నిలబడటం చిన్న విషయంలా అనిపించవచ్చు, కాని ఇంటింటికీ పోరాడే ఆటలో ఆ ఒక్క సౌకర్యమే గంటల తరబడి విసుగును తప్పిస్తుంది.

రైతు ఇల్లు ఈ పెట్టెలో అన్నింటికంటే మంచి నమూనా. ఆర్డెన్స్ పల్లెల్లో మనుషులుండే గదులు, పశువుల కొట్టం, గడ్డి నిలవ చేసే చోటు ఒకే పొడవైన కప్పు కింద ఉండటం పాత పద్ధతి. రూపకర్త దాన్ని గమనించి, కొట్టానికి బండి పట్టేంత పెద్ద వాకిలి, దాని పక్కనే ఇంటి చిన్న గుమ్మం పెట్టారు. వంటగది గోడకు పొయ్యి గూడు కూడా చెక్కారు. నేను ఆ గూటి చుట్టూ పొగ మసి రంగు వేస్తున్నప్పుడు, ఇది సైనికులకు చాటుగా మాత్రమే ఉండే గోడ కాదని, ఒక కుటుంబం వదిలి వెళ్లిన వంటగది అని మొదటిసారి అనిపించింది.

గోడల మందం విషయంలో మాత్రం కిట్ తప్పటడుగు వేసింది. ఆర్డెన్స్ రాతి ఇళ్ల గోడలు సాధారణంగా అర మీటరుకు తగ్గవు. 28 మిల్లీమీటర్ల బొమ్మలకు ఎక్కువగా వాడే 1/56 స్కేలులో (అసలు కొలతలో 56వ వంతు) అర మీటరు అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఈ గోడ ఎండీఎఫ్ 3, పైన అట్ట 1, వెరసి 4 మిల్లీమీటర్లు, అంటే అసలు కొలతలో 22 సెంటీమీటర్లు. నిలిచి ఉన్న ఇంట్లో ఈ లోపం కిటికీల దగ్గర తప్ప కనిపించదు. కూలిన ఇంట్లో గోడ అడ్డంగా తెగి దాని కడుపు బయటపడుతుంది కాబట్టి, పలచన వెంటనే కంటికి కొడుతుంది. ఫిరంగి గుండు రాతి గోడను కాక అట్టపెట్టెను చించినట్టుగా ఉంటుంది. నేను లోపలి వైపు 5 మిల్లీమీటర్ల ఎక్స్‌ట్రూడెడ్ ఫోమ్ (థర్మాకోల్ కంటే గట్టిగా, నున్నగా ఉండే పలక) అతికించి, తెగిన అంచుల్లో ఫోమ్‌ను గోటితో గిల్లి రాళ్ల ఆకారం తెచ్చాను. ఒక్కో ఇంటికి రెండు సాయంత్రాలు పట్టింది. అలా చేసినప్పుడు పై అంతస్తు నేలను కూడా ఆ మేరకు కోసుకోవాలి, లేకపోతే లోపలికి దిగదు.

కప్పు అట్టలమీద ఎర్ర పెంకుల నమూనా ఉంది. ఆర్డెన్స్ ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ముదురు బూడిద రంగు పలకరాయి, మనం బడిలో అక్షరాలు దిద్దిన పలక లాంటిదే. ఆ అట్టలను పూర్తిగా పక్కన పెట్టి, పలచని నల్ల అట్టను చిన్న ముక్కలుగా కోసి వరుసలు పేర్చాను. అక్కడక్కడ ముక్కలు రాలిపోయి కింద పట్టీలు కనబడేలా వదిలాను.

ఇక ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది శిథిలం గురించి. ఇల్లు కూలితే దానిలోని రాయి ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. ఈ కిట్‌లో గోడల పై అంచులు పళ్లు పళ్లుగా అందంగా తెగి ఉన్నాయి, కింద నేల మాత్రం ఊడ్చినంత శుభ్రంగా ఉంది. ఒక ఇంటి పక్క గోడలో 12 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల ఎత్తు భాగం లేదు. గోడ మందం 1 సెంటీమీటరు అనుకుంటే 84 ఘన సెంటీమీటర్ల రాయి పడిపోయిందన్నమాట. పడిన రాళ్ల మధ్య సందులుంటాయి కనుక కుప్ప అంతకంటే పెద్దదే అవుతుంది. నాలుగు కట్టడాలకూ కలిపి కిట్‌లో ఇచ్చిన రెజిన్ రాళ్లను కొలిస్తే ఒక చిన్న టీ గ్లాసు నిండింది. ఒక ఇంటి ఒక గోడకే అవి చాలవు.

కొరతను ఇంట్లో దొరికే వస్తువులతోనే తీర్చాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను పళ్లెంలో పలచగా పోసి, గట్టిపడిన తరువాత గుడ్డలో చుట్టి సుత్తితో కొడితే గోడ రాళ్లకు సరిపోయే ముక్కలు వస్తాయి. పగిలిన కుండ పెంకులను నూరి జల్లెడ పడితే సన్నని శిథిల ధూళి వస్తుంది. అగ్గిపుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు నిలువునా చీలిస్తే విరిగిన దూలాలు అవుతాయి. దూలం విరిగినప్పుడు రంపంతో కోసినట్టు తెగదు, పీచులు పీచులుగా చీలుతుంది. అందుకే పుల్లను కత్తితో కోయకుండా చేతితో విరవాలి. కుప్ప పెద్దదైన కొద్దీ అసలు దృశ్యానికి దగ్గరవుతుంది, కాని బొమ్మ నిలబడే చోటు తగ్గుతుంది. నేను ప్రతి కుప్పలోనూ కూలిన తలుపునో నేల చెక్కనో పడుకోబెట్టి 3 సెంటీమీటర్ల చదును వదిలాను. ఆటగాళ్లు బొమ్మలను సహజంగానే అక్కడ పెడుతున్నారు.

మంచు దగ్గర కిట్ మరింత నిరాశపరచింది. సూచనల కాగితంలో కట్టడం పూర్తయ్యాక అన్నింటిమీద పేస్టు పూసి పొడి చల్లమని ఒకే వాక్యం ఉంది. అలా చేస్తే ఊరంతా ఒకే రోజు, ఒకే గంటలో కూలినట్టు కనిపిస్తుంది. కూలిన ఊరిలో మంచును ఎలా వేయాలో నిర్ణయించేది ఒకే ప్రశ్న: ఇల్లు ముందు కూలిందా, మంచు ముందు కురిసిందా? వారం కిందట కూలిన ఇంట్లో శిథిలం మీద మంచు మెత్తగా పరుచుకుని రాళ్ల అంచులు గుండ్రబడి ఉంటాయి. కప్పు పోయిన గదిలో నేలమీద కూడా మంచు ఉంటుంది, కప్పు మిగిలిన మూల మాత్రం పొడిగా, చీకటిగా ఉంటుంది. ఆ ఉదయమే గుండు తగిలిన ఇంట్లో దీనికి పూర్తిగా తలకిందులు. మంచు కింద ఉంటుంది, దానిమీద బూడిద, సున్నపు దుమ్ము, నల్లటి మసి విసిరినట్టు పడి ఉంటాయి, తాజాగా విరిగిన రాయి మాత్రం కొత్త రంగుతో మెరుస్తుంది. నేను రైతు ఇంటిని పాత శిథిలంగాను, దారి పక్కనున్న రెండంతస్తుల ఇంటిని ఆనాటి శిథిలంగాను చేశాను. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆ ఊరిలో పోరు రోజుల తరబడి సాగిందని వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

గాలిని కూడా ముందే నిర్ణయించుకోవాలి. నా బల్లమీద గాలి ఉత్తరం నుంచి వీస్తుందని అనుకుని, ప్రతి గోడకూ ఉత్తరపు వైపే మంచును ఒరిగించాను, కిటికీ గడపలమీద కూడా అదే వైపు పేర్చాను. దారిమీద మంచు తెల్లగా ఉండదు. ట్యాంకులు, లారీలు నలిపిన చోట అది గోధుమ రంగు బురదతో కలిసిన బూడిద రంగు ముద్ద అవుతుంది.

కిట్‌లోని పేస్టు 3 మిల్లీమీటర్లకు మించి మందంగా పూసిన చోటల్లా ఆరేటప్పుడు పగుళ్లు ఇచ్చింది. పొడిని విడిగా ఒక ఎండీఎఫ్ ముక్కమీద జిగురుతో చల్లి పరీక్షకు పెట్టాను. జూలై, ఆగస్టు నెలలు గడిచేసరికి అది పాత కాగితంలా పసుపు తిరిగింది. సముద్రపు తేమ ఉండే ఊరిలో దీన్ని వాడవద్దనే చెబుతాను. దాని స్థానంలో నేను వాడినది ముగ్గుపిండి. బియ్యప్పిండి కాదు, బజారులో అమ్మే రాతి ముగ్గు. రెండు పాళ్లు ముగ్గుపిండి, ఒక పాలు ఫెవికాల్, ఒక పాలు తెల్ల అక్రిలిక్ రంగు, కొద్ది చుక్కల నీరు కలిపితే పాత కుంచెతో తోయడానికి వీలైన ముద్ద తయారవుతుంది. పలచని పొరలుగా, ఒకటి ఆరాక ఇంకొకటి వేస్తే పగుళ్లు రావు. పై పొర తడిగా ఉన్నప్పుడే వుడ్‌ల్యాండ్ సీనిక్స్ వారి సాఫ్ట్ ఫ్లేక్ స్నో అనే కృత్రిమ మంచును టీ జల్లెడతో రాల్చాను. నీడ పడే చోట్ల ముద్దలో చిటికెడు నీలం కలిపాను. ఆరు నెలలైనా రంగు మారలేదు. ఆర్డెన్స్ పోరాటం మొదలైన రోజులు మనకు ధనుర్మాసం మొదలయ్యే రోజులే. వాకిట ముగ్గు వేయడానికి తెచ్చిన పిండి మిగిలినదే ఆ ఊరికి మంచు కావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

కిట్‌లో లేని ఒక చిన్న వస్తువును అందరూ చేర్చుకోవాలని కోరుకుంటాను. జర్మన్ సైన్యం బాస్టోన్‌ను ముట్టడించిన రోజుల్లో దగ్గరలోని హెమ్రూల్ అనే పల్లెలో అమెరికన్ సైనికులకు మంచులో కలిసిపోయే తెల్ల దుస్తులు లేకపోతే, ఊరివారు తమ పడక దుప్పట్లు తెచ్చి ఇచ్చారు. యుద్ధం ముగిశాక 1948లో ఆ దళాధికారి హాన్లన్ దుప్పట్లు వెంట తీసుకుని ఆ ఊరికి తిరిగి వెళ్లారు. నేను టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, వేలెడు పొడవున దుప్పట్లుగా మడిచి, ఒకదాన్ని ఇంటి గుమ్మం పక్క కుర్చీమీద, ఇంకొకదాన్ని మెషిన్‌గన్ మీద కప్పాను. పూర్తి తెలుపు వాడకూడదు. మంచు పక్కన ఉతికిన గుడ్డ కొంచెం పసుపుగా కనిపిస్తుంది, ఆ తేడా వల్లనే అది గుడ్డ అని తెలుస్తుంది.

తేమ విషయంలో ఇంకొక హెచ్చరిక. ఎండీఎఫ్ కోసిన అంచులు నీటిని, రంగును విపరీతంగా పీలుస్తాయి. నేను మొదటి ఇంటికి నీటి రంగును నేరుగా పూయగా అంచులు ఉబ్బి, ఒక నేల పలక వంగింది. మిగిలిన మూడింటికి నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు అన్ని వైపులా వేసి, ఆరాక ప్రైమర్ (రంగుకు ముందు వేసే పునాది పూత) కొట్టాను. వర్షాకాలంలోనూ అవి చెక్కుచెదరలేదు. ఈ జాగ్రత్తను సూచనల కాగితంలో రాయకపోవడం పెద్ద లోటు.

నా పెట్టెలో ప్రార్థనా మందిరపు గంట గూడు ముక్క ఒకటి లేదు. ఫొటో పంపగా మూడు రోజుల్లో జవాబు వచ్చింది, ఐదు వారాల్లో ముక్క చేరింది, రవాణా ఖర్చు అడగలేదు. పంపేటప్పుడే సరిచూసుకుని ఉండవలసింది, అయినా తప్పును దిద్దిన తీరు బాగుంది.

కోతకు, ఆటకు అనువైన అమరికకు, రైతు ఇంటికి నేను ఈ కిట్‌ను ఇష్టపడుతున్నాను. కప్పు అట్టలకు, మంచు సామగ్రికి పెట్టిన డబ్బు మాత్రం వృథా. అదే సంస్థ రైతు ఇంటిని విడిగా కూడా సుమారు మూడో వంతు ధరకు అమ్ముతోంది. మొదటిసారి కొనేవారు అది ఒక్కటి తెప్పించుకుని, ఫోమ్, ప్లాస్టర్, రాతి ముగ్గు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టడం మేలు. నేను కూడా ఈ డిసెంబరులోగా అదే ఇంటిని ఇంకొకటి తెప్పించి, ఈసారి కూలని ఇల్లుగా, పొగగొట్టం నుంచి పొగ వస్తున్నట్టుగా, ఊరి చివర కట్టబోతున్నాను.