"డెల్టా ఈ 2 లోపు" అని చూసి మానిటర్ కొనేయకండి

ఫోటో ఎడిటింగ్ కోసం మానిటర్ కొనేవాళ్లు జాగ్రత్త. పెట్టె మీద "డెల్టా ఈ 2 లోపు" అని ఉంటుంది (డెల్టా ఈ అంటే చూపాల్సిన రంగుకీ తెర చూపే రంగుకీ మధ్య తేడా, ఎంత తక్కువైతే అంత మంచిది), లోపల ఫ్యాక్టరీ రిపోర్టు కూడా పెడతారు. తీరా కొలిస్తే ఎరుపు ఎక్కడికో పోయి ఉంటుంది, బూడిద రంగు మెట్లలో ఆకుపచ్చ జీర కనిపిస్తుంది. ఈమధ్య పరీక్షించిన ఒక మానిటర్‌ది సరిగ్గా ఇదే తీరు.

రిపోర్టులో ఉన్న అంకె తప్పు కాకపోవచ్చు. అది దేని అంకో చెప్పకపోవడమే మోసం. చాలాసార్లు అది సగటు. 24 ప్యాచ్‌లలో (కొలిచే రంగు నమూనాలలో) 23 చోట్ల తేడా 1, ఒక్క ఎరుపులో 9 వచ్చిందనుకోండి, సగటు 1.33 మాత్రమే! అందుకే గరిష్ఠం ఎంతో అడగండి.

తేడాను ఏ ఫార్ములాతో లెక్కించారో దాని పేరు కూడా ఉండాలి. ల్యాబ్ అనే రంగుల కొలతలో (ఎల్ అంటే వెలుగు, ఏ ఆకుపచ్చ-ఎరుపు, బి నీలం-పసుపు) ఎల్ 90, ఏ 0 ఉన్న గాఢమైన పసుపును తీసుకుని బి విలువ 100 నుంచి 110కి మారిస్తే, 1976 ఫార్ములా ప్రకారం తేడా 10. తర్వాత వచ్చిన సీఐఈడీఈ2000 ఫార్ములా ప్రకారం దాదాపు 1.75. గాఢమైన రంగుల్లో కంటికి ఈ రెండోదే దగ్గర, దాన్ని వాడటం తప్పేమీ కాదు. కానీ ఫార్ములా తెలియకుండా రెండు మానిటర్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

ఇంకో మెలిక, ఆ అంకె తరచూ ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో వాడే ప్రామాణిక రంగుల పరిధి) మోడ్‌కే వర్తిస్తుంది. కొన్ని మానిటర్లలో ఆ మోడ్ పెడితే బ్రైట్‌నెస్ మార్చడానికి వీలుండదు.

వాపసు గడువు ముగిసేలోపే కలరిమీటర్‌తో (తెర రంగులు కొలిచే పరికరంతో) కొలవండి, అద్దెకో అరువుకో దొరికినా చాలు. మానిటర్‌ను అరగంట వేడెక్కనివ్వండి. గ్రాఫిక్స్ కార్డులో పాత క్యాలిబ్రేషన్ కర్వులు (రంగులు సరిదిద్దే సెట్టింగులు) ఉంటే తీసేయండి. ఉచితంగా దొరికే డిస్‌ప్లేకాల్ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ ప్రొఫైల్‌గా (పోల్చాల్సిన ప్రమాణంగా) ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకుని, దాన్నే డిస్‌ప్లే ప్రొఫైల్‌గా వాడేలా టిక్ పెట్టండి. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు: అప్పుడే తయారుచేసిన సొంత ప్రొఫైల్‌తో (ఆ మానిటర్ రంగుల తీరును నమోదు చేసిన ఫైలుతో) సరిచూస్తే అంకెలు ఎలాగూ బాగుంటాయి, అవి చెప్పేది ప్రొఫైల్ నాణ్యత గురించే. తెలుపును తెరకే సాపేక్షంగా లెక్కిస్తే వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) తప్పు కూడా మాయమవుతుంది, ఆ సెట్టింగు చూసుకోండి.

తెర మధ్య భాగం మాత్రమే కొలిచి ఆపకండి, నాలుగు మూలలూ కొలవండి. ఆ రిపోర్టు సేవ్ చేసి వాపసు అభ్యర్థనకు జతచేయండి.