కర్ల్‌లో క్లయింట్ సర్టిఫికెట్: నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగు

రోజూ రాత్రి ఒక భాగస్వామి సంస్థ సర్వర్‌కి ఫైళ్లు పంపించే బాధ్యత నాది. నిన్నమొన్నటిదాకా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచిపోయింది. ఇకమీదట క్లయింట్ సర్టిఫికెట్ ఉంటేనే రానిస్తామన్నారు. అంటే సర్వర్ తన సర్టిఫికెట్ చూపించాక మనమూ మనది చూపించి, దాని ప్రైవేట్ కీ మన దగ్గరే ఉందని రుజువు చేసుకోవాలి. ఈ పనికి కర్ల్ వాడాను. కమాండ్ లైన్ నుంచి సర్వర్లకి ఫైళ్లు పంపడానికీ తెచ్చుకోడానికీ వాడే సాధనమిది, స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్.

చెప్పుకోడానికి తేలికే. --సర్ట్ పక్కన సర్టిఫికెట్ ఫైలు, --కీ పక్కన కీ ఫైలు ఇస్తే చాలు. రెండూ పెమ్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంటే పెద్దగా గొడవుండదు. నాకొచ్చింది మాత్రం పి12 ఫైలు. సర్టిఫికెట్, కీ రెండూ అందులోనే మూటగట్టి ఉంటాయి. --సర్ట్-టైప్ పి12 అని చెబితే కర్ల్ దాన్ని నేరుగా చదవాలి. చదవలేదు. ఎర్రర్ 58 ఇచ్చి, పి12 ఫైలు తెరుచుకోలేదు, పాస్‌వర్డ్ చూసుకో అంది.

చూసుకున్నాను. అరగంటసేపు అదే పని. చివర్లో సున్నానా, ఓ అక్షరమా అని కళ్లు చికిలించి మరీ చూశాను. తీరా ఆ ఎర్రర్ లైను కొసన చిన్నగా ‘అన్‌సపోర్టెడ్’ అని ఉంది! పాస్‌వర్డ్ సరైనదే. పి12ని ఆర్సీ2-40 అనే పాతకాలపు పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశారు, నా కర్ల్ లోపల ఎన్‌క్రిప్షన్ పని చూసే ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 లైబ్రరీ దాన్ని మామూలుగా ముట్టుకోదు. అసలు కారణం చివర దాచి, ఊహని ముందు పెట్టడం నాకు నచ్చలేదు. ఒక మార్కు ఇక్కడే కోశాను.

ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి -లెగసీ అని చెప్పి మూట విప్పాను. సర్టిఫికెట్ ఒక ఫైల్లోకి, కీ ఇంకో ఫైల్లోకి. 58 పోయింది, 56 వచ్చింది. ‘అన్‌నోన్ సీఏ’ అట, అంటే సర్టిఫికెట్ జారీ చేసిన సంస్థ (సీఏ) ఎవరో సర్వర్‌కి తెలియదని. ఫోన్ చేస్తే అవతలివాళ్లు “మీ సర్టిఫికెట్ మాదాకా రావట్లేదండీ” అన్నారు.

కర్ల్ మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. లోపల జరిగేదంతా వివరంగా చూపించే -వి పెట్టి మళ్లీ నడిపాను. సర్వర్ నుంచి ‘రిక్వెస్ట్ సర్ట్ (13)’ వచ్చింది, అంటే అడిగింది. మన వైపు నుంచి ‘సర్టిఫికెట్ (11)’ వెళ్లింది. ఆ లైను చూసి నమ్మకూడదు, పంపడానికి ఏమీ లేకపోయినా ఖాళీది వెళ్తుంది. చూడాల్సింది దాని కింద ‘సర్ట్ వెరిఫై (15)’ ఉందా లేదా అని. కీతో సంతకం చేస్తేనే అది కనిపిస్తుంది. నాకు కనిపించింది. కాబట్టి సర్టిఫికెట్ వెళ్తోంది, వాళ్లే తిరగ్గొడుతున్నారు. కనెక్షన్‌ని భద్రంగా ఉంచే టీఎల్ఎస్ ప్రోటోకాల్ 1.3 వెర్షన్‌లో మన వైపు హ్యాండ్‌షేక్ (మొదటి పరిచయం) పూర్తయ్యాకే ఆ తిరస్కారం అందుతుంది. అందుకే కనెక్షన్ కుదిరినట్టే కనిపించి తర్వాత తెగుతుంది.

ఇంతా చేసి తప్పు నాదే. మూట విప్పేటప్పుడు -సీఎల్‌సర్ట్స్ పెట్టాను, దాంతో నా సర్టిఫికెట్ ఒక్కటే బయటికొచ్చి దాన్ని సర్వర్ నమ్మే సీఏతో కలిపే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ లోపలే ఉండిపోయింది. దాన్ని కూడా తీసి అదే పెమ్ ఫైల్లో నా సర్టిఫికెట్ కింద అతికించాను. ఫైలు వెళ్లిపోయింది. అవతలివాళ్లకి మళ్లీ ఫోన్ చేసి ఆ సంగతి చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను.

ఇలాంటప్పుడు పక్కన నిలబడినవాళ్లు “-కె పెట్టి చూడు” అంటుంటారు. దానికీ దీనికీ సంబంధమే లేదు. సర్వర్ సర్టిఫికెట్‌ని తనిఖీ చేయొద్దని చెప్పడమే దాని పని, మన సర్టిఫికెట్ జోలికే రాదు. లేని టెన్షన్ తెచ్చిపెట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

విండోస్‌తో పాటు వచ్చే కర్ల్ వాడేవాళ్లు ముందు -వి కాదు, పెద్ద వీతో నడిపి ఏ టీఎల్ఎస్ లైబ్రరీ ఉందో చూసుకోండి. షానెల్ (విండోస్ సొంత టీఎల్ఎస్ లైబ్రరీ) అని ఉంటే పెమ్ ఫైళ్లు పనికిరావు. విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌లో మన సర్టిఫికెట్ ఉన్న దారి (పాత్) ఇవ్వాలి, లేదా పి12.

ఫైలు పేరు పక్కన కోలన్ పెట్టి పాస్‌వర్డ్ రాసే వీలుంది, కానీ అది షెల్ హిస్టరీలో ఉండిపోతుంది. రాయకపోతే కర్లే అడుగుతుంది. రాత్రిళ్లు దానంతటదే నడిచే పనికి అడిగితే చెప్పేవాళ్లుండరు కాబట్టి కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి, పర్మిషన్ 600 (ఫైలు సొంతదారు మాత్రమే చదివేలా) చేసి, -కె కాకుండా పెద్ద కేతో ఇస్తున్నాను. ఈ చిన్నా పెద్దా అక్షరాల తేడా ఒకరోజు నా కొంప ముంచేలా ఉంది.

ఇంకొక్కటి. -విలో సర్వర్ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది, మనది కనిపించదు. మాది ఎప్పుడు ముగుస్తుందో ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో తీసి, నెల ముందు మోగేలా ఫోన్లో అలారం పెట్టుకున్నాను.