బ్యాచ్ క్యూని టెర్మినల్ నుంచి చూడటం: ఏడబ్ల్యూఎస్ కమాండ్లు మూడేళ్ళు వాడాక

ముందే ఒక మాట. ఏడబ్ల్యూఎస్ బ్యాచ్‌లో (పనుల్ని, అంటే జాబుల్ని, క్యూలో పెట్టి నడిపే అమెజాన్ క్లౌడ్ సర్వీసు) లిస్ట్-జాబ్స్ అనే కమాండ్ కొడితే ఖాళీ జాబితా వచ్చిందా? క్యూ ఖాళీగా ఉందని మాత్రం అనుకోకండి. స్టేటస్ ఏదీ చెప్పకపోతే అది రన్నింగ్‌లో ఉన్న జాబులే చూపిస్తుంది. రెండొందల జాబులు రన్నబుల్‌లో (నడవడానికి సిద్ధమే, చోటు దొరకలేదు) ఇరుక్కుని ఉన్నా, అడగలేదు కాబట్టి చెప్పదు. ఈ కమాండ్ల తీరే అంత. అబద్ధం చెప్పవు, అడిగినదానికి మించి ఒక్క ముక్కా చెప్పవు. ఏం అడగాలో తెలిసినవాళ్ళకి వెబ్ కన్సోల్ కంటే ఇవే మేలు. తెలియనివాళ్ళకి మొదటి నెల చిరాకే.

మా వాడకం ఇలా ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్, గొల్లపూడి హోల్‌సేల్ షాపుల బిల్లింగ్ డేటా రాత్రి 11 దాటాక ముంబై రీజియన్‌లోని (ఏడబ్ల్యూఎస్ డేటాసెంటర్లు ఉన్న ప్రాంతం) క్యూలో పడుతుంది. పొద్దున షట్టర్ లేచేసరికి స్టాకు రిపోర్టు, జీఎస్టీ లెక్క తయారుగా ఉండాలి. కరెంటు పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు కన్సోల్ పేజీ తెరుచుకునేలోపు టెర్మినల్‌లో నాలుగు కమాండ్లు అయిపోతాయి. గుంటూరు ప్యాసింజర్ మంగళగిరి దాటుతుండగా సిగ్నల్ ఊగిసలాడినా జవాబు వస్తుంది, ఎందుకంటే వచ్చేది కొద్దిపాటి అక్షరాలే.

జాబ్ నడిచే దారి ఇది: సబ్మిటెడ్, పెండింగ్, రన్నబుల్, స్టార్టింగ్, రన్నింగ్, చివరికి సక్సీడెడ్ లేదా ఫెయిల్డ్. మొత్తం ఏడు. లిస్ట్-జాబ్స్‌కి జాబ్-స్టేటస్ ఆప్షన్ ఒకసారికి ఒక్కదాన్నే తీసుకుంటుంది, అదీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఇవ్వాలి. అందుకని ఏడు స్టేటస్‌ల మీద తిరిగి ఒక్కోదానిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే చిన్న షెల్ లూప్ రాసి పెట్టుకోవడం మంచిది. ఆ లూప్‌లోనే అందరూ కాలు వేసే గుంట ఒకటుంది. క్వెరీ ఆప్షన్‌లో (ఫలితంలోంచి కావలసింది ఏరుకునేది) లెంగ్త్ పెట్టి అవుట్‌పుట్ టెక్స్ట్ అని అడిగితే ఒక సంఖ్యకి బదులు 100, 100, 50 అని మూడు ముక్కలు రావచ్చు. ఫలితాలు వందేసి చొప్పున పేజీలుగా వస్తాయి, టెక్స్ట్ అవుట్‌పుట్‌కి క్వెరీ ఒక్కో పేజీ మీద విడిగా నడుస్తుంది. అవుట్‌పుట్ జేసన్ అని అడిగితే పేజీలన్నీ కలిశాక ఒక్కసారే నడుస్తుంది, 250 అని వస్తుంది. స్క్రిప్టులో మొదటి లైను మాత్రమే పట్టుకుంటే 250 జాబుల క్యూ 100గా కనపడుతుంది. ఎర్రర్ అంటూ ఏదీ రాదు, అదే ప్రమాదం.

స్క్రిప్టుల్లో ఇంకో అడ్డంకి పేజర్. రెండో వెర్షన్ సీఎల్ఐ (ఈ కమాండ్లు నడిపే టూల్) ఫలితాన్ని తీసుకెళ్ళి, పేజీ పేజీగా ఆపి చూపే లెస్ అనే ప్రోగ్రాంలో పెడుతుంది. ఏడబ్ల్యూఎస్-పేజర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఖాళీగా సెట్ చేస్తే ఆ బాధ పోతుంది.

పేరుతో వెతకాలంటే ఫిల్టర్స్ ఉంది. జాబ్-నేమ్ ఫిల్టర్‌లో చివర స్టార్ పెడితే ఆ పేరుతో మొదలయ్యేవన్నీ వస్తాయి, చిన్నక్షరం పెద్దక్షరం తేడా చూడదు. స్టార్‌ని కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్ దాన్ని తన ఫైళ్ళ పేర్లతో నింపేసే వీలుంది. ఈసీ2 (అమెజాన్ అద్దె మెషీన్ల సర్వీసు) కమాండ్లకి అలవాటుపడిన చేతులు ఇక్కడ తడబడతాయి. అక్కడ నేమ్, వాల్యూస్ పెద్దక్షరంతో మొదలవుతాయి, ఇక్కడ చిన్నక్షరం. జాబ్-నేమ్ ఫిల్టర్ పెట్టగానే స్టేటస్ ఆప్షన్‌ని పక్కనబెట్టి అన్ని స్టేటస్‌లవీ ఇస్తుంది. ఫెయిల్డ్ మాత్రమే కావాలంటే క్వెరీలో మళ్ళీ వడకట్టుకోవాలి.

టైము సంగతి. క్రియేటెడ్-ఎట్, స్టార్టెడ్-ఎట్ అన్నీ 1970 జనవరి 1 నుంచి లెక్కించిన మిల్లీసెకన్లు, 13 అంకెలు. డేట్ కమాండ్ సెకన్లు అడుగుతుంది కాబట్టి చివరి మూడు అంకెలు కొట్టేసి ఇవ్వాలి. ఉదాహరణకి 1700000000000 తీసుకోండి. యూటీసీలో అది 2023 నవంబర్ 14 రాత్రి 10:13. మనకి నవంబర్ 15 తెల్లవారుజాము 3:43. తేదీయే మారిపోయింది చూడండి. “నిన్నటి జాబులు” అని ఫిల్టర్ రాసేవాళ్ళు ఐదున్నర గంటలు కలపడం మరిస్తే రాత్రి షిఫ్టులో సగం జాబులు లెక్కలోకి రావు.

ఇక అసలు తలనొప్పి రన్నబుల్. గుంటూరు మిర్చి యార్డు గేటు బయట నిలబడ్డ లారీ లాంటిది ఈ స్టేటస్. సరుకు ఉంది, టోకెన్ ఉంది, లోపల చోటు దొరకాలి. చోటు ఎందుకు దొరకలేదో లిస్ట్-జాబ్స్ వివరంగా చెప్పదు. ముందు డిస్క్రైబ్-జాబ్-క్యూస్ కొట్టి క్యూ ఎనేబుల్డ్, వాలిడ్ అని ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత జాబులు నడిచే మెషీన్ల ఏర్పాటు (కంప్యూట్ ఎన్విరాన్‌మెంట్) సంగతి చెప్పే డిస్క్రైబ్-కంప్యూట్-ఎన్విరాన్‌మెంట్స్‌లో మూడు చూడాలి: స్టేటస్, మాక్స్-వీసీపీయూస్ (ప్రాసెసర్ల గరిష్ఠ పరిమితి), డిజైర్డ్-వీసీపీయూస్ (ఇప్పుడు కావాలని బ్యాచ్ లెక్కేసినవి). స్టేటస్ ఇన్‌వాలిడ్ అని ఉంటే కారణం స్టేటస్-రీజన్‌లోనే రాసి ఉంటుంది, ఎక్కువసార్లు రోల్ పర్మిషన్ల గొడవే. డిజైర్డ్ వచ్చి మాక్స్‌ని ఆనుకుని ఉంటే ముందున్న జాబులు అయ్యేదాకా ఆగడమో, పరిమితి పెంచడమో చేయాలి. డిజైర్డ్ పెరిగినా జాబ్ కదలకపోతే మెషీన్లు లేచి ఈసీఎస్ (కంటైనర్లు నడిపే అమెజాన్ సర్వీసు) క్లస్టర్‌లో, అంటే మెషీన్ల గుంపులో, నమోదు కాలేదేమో అనుమానించాలి. అదే అవుట్‌పుట్‌లో క్లస్టర్ ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్ ఇచ్చే పూర్తి గుర్తింపు పేరు) దొరుకుతుంది, దాన్ని ఈసీఎస్ లిస్ట్-కంటైనర్-ఇన్‌స్టెన్సెస్‌కి ఇవ్వండి. జాబితా ఖాళీగా ఉంటే సబ్‌నెట్ నుంచి బయటికి దారి లేకపోవడమో, ఇన్‌స్టెన్స్ రోల్ సరిగా లేకపోవడమో అయ్యుంటుంది.

డిజైర్డ్ సున్నా మీదే కూర్చుంటే జాబ్ అడిగిన మెమరీ చూడండి. కంప్యూట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎం5 లార్జ్ రకం మెషీన్ ఒక్కటే పెట్టి, మెషీన్‌లో 8 జీబీ ఉంది కదా అని జాబ్‌కి 8192 ఎంబీ అడిగితే అది ఎప్పటికీ పట్టదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి, ఈసీఎస్ ఏజెంట్‌కి కొంత పోగా మిగిలిందే మనది. 7000 దగ్గర మొదలుపెట్టండి. అంతకంటే కావాలంటే ఈసీఎస్ డిస్క్రైబ్-కంటైనర్-ఇన్‌స్టెన్సెస్‌లో రిజిస్టర్డ్ రిసోర్సెస్ కింద ఉన్న మెమరీ అంకె చూసి దానికి లోపు పెట్టుకోండి.

మొదట వచ్చింది మొదట అనే క్యూలో ఇలాంటి జాబ్ ఒక్కటి ముందుకొచ్చి ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి. గేటు పట్టని లారీ అడ్డం నిలబడితే పది టిక్కీల (మిర్చి బస్తాల) ఆటో కూడా లోపలికి పోలేదు కదా. ముందున్నది ఏదో తెలుసుకోవడానికి 2024లో వచ్చిన గెట్-జాబ్-క్యూ-స్నాప్‌షాట్ బాగా పనికొస్తుంది. రన్నబుల్‌లో ముందు వరసలోని 100 జాబులు వరసక్రమంలో ఇస్తుంది, ఆ స్థానానికి ఎప్పుడొచ్చిందో కూడా చెబుతుంది. లోటల్లా ఇచ్చేవి ఏఆర్ఎన్‌లే, జాబ్ పేర్లు ఉండవు. చివరి స్లాష్ తర్వాతి ఐడీ కోసుకుని డిస్క్రైబ్-జాబ్స్‌కి ఇవ్వాలి. అది ఒకసారికి 100 ఐడీల దాకా తీసుకుంటుంది కాబట్టి రెండూ జతగా కుదురుతాయి. ఇరుక్కున్నవాటిని మనిషి కాపలా లేకుండా తీసేయాలంటే క్యూ మీద జాబ్-స్టేట్-టైమ్-లిమిట్-యాక్షన్స్ పెట్టొచ్చు. తక్కువలో తక్కువ 600 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 86400.

అరే (array) జాబుల, అంటే ఒకే పనిని చాలా పిల్ల జాబులుగా విడగొట్టి పంపినవాటి, పేరెంట్‌ని చూసి కంగారుపడొద్దు. పిల్ల జాబులు జోరుగా నడుస్తున్నా పేరెంట్ పెండింగ్ అనే చూపిస్తుంది. పేరెంట్ ఐడీతో డిస్క్రైబ్-జాబ్స్ కొడితే స్టేటస్-సమ్మరీలో ఏ స్టేటస్‌లో ఎన్ని పిల్లలున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. పడిపోయినవి మాత్రమే కావాలంటే లిస్ట్-జాబ్స్‌కి క్యూ బదులు అరే-జాబ్-ఐడీ, దాంతో ఫెయిల్డ్ స్టేటస్ ఇవ్వాలి.

ఫెయిలైన జాబుల విషయంలో ఈ కమాండ్లకి మంచి మార్కులే వేస్తాను. ఎగ్జిట్ కోడ్, కారణం లిస్ట్-జాబ్స్‌లోనే వచ్చేస్తాయి. కోడ్ 137తో పాటు అవుట్-ఆఫ్-మెమరీ అని ఉంటే మెమరీ పెంచండి. హోస్ట్ ఈసీ2 టెర్మినేటెడ్ అని ఉంటే స్పాట్ మెషీన్ (తక్కువ ధరకి దొరికేది, అమెజాన్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు) వెనక్కి తీసుకున్నారేమో చూడండి, మీ కోడ్‌ని తిట్టుకోకండి. ఎగ్జిట్ కోడే లేకుండా కానాట్-పుల్-కంటైనర్ అని వస్తే ఇమేజ్ పేరో, రిజిస్ట్రీకి దారో తప్పు. రీట్రై పెట్టిన జాబుల్లో ఒక మెలిక ఉంది: పైన కనపడే లాగ్ స్ట్రీమ్ పేరు ఆఖరి ప్రయత్నానిది. మొదటిసారి ఎందుకు పడిందో కావాలంటే అటెంప్ట్స్ లోపలికి వెళ్ళి అక్కడి స్ట్రీమ్ పేరు తీసుకోవాలి. దాన్ని స్లాష్-ఏడబ్ల్యూఎస్-స్లాష్-బ్యాచ్-స్లాష్-జాబ్ అనే లాగ్ గ్రూపులో చదవాలి. ఇదంతా ఆలస్యం చేయకుండా చూడండి. ముగిసిన జాబు వివరాలు కనీసం 7 రోజులు ఉంటాయని మాత్రమే భరోసా. నెలాఖరు లెక్కలకి కావాలంటే రోజూ జేసన్‌గా దించి పెట్టుకోవాల్సిందే.

రీజియన్ పొరపాటు కూడా మామూలే. ప్రొఫైల్‌లో హైదరాబాద్ ఉండి క్యూ ముంబైలో ఉంటే డిస్క్రైబ్-జాబ్-క్యూస్ ఖాళీ జాబితా ఇచ్చి ఊరుకుంటుంది. రీజియన్ ఆప్షన్ ప్రతి స్క్రిప్టులో విడిగా రాయండి.

ఆపడానికి రెండు కమాండ్లు. క్యాన్సిల్-జాబ్ రన్నబుల్ దాకా ఉన్నవాటినే తీస్తుంది. స్టార్టింగ్‌కి చేరినదాని మీద కొడితే ఎర్రర్ ఇవ్వదు, కమాండ్ సక్సెస్ అవుతుంది, జాబ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. దానికి టెర్మినేట్-జాబ్ వాడాలి. చూసేవాళ్ళందరికీ ఈ అధికారం అక్కర్లేదు, లిస్ట్, డిస్క్రైబ్ పర్మిషన్లతో వేరే ప్రొఫైల్ ఇవ్వండి. క్యాన్సిల్, టెర్మినేట్ రెండింటికీ రీజన్ తప్పనిసరి. అక్కడ “టెస్ట్” అని రాసేవాళ్ళే ఎక్కువ. ఆ వాక్యమే తర్వాత డిస్క్రైబ్-జాబ్స్‌లో కనపడుతుంది కాబట్టి ఎవరు ఆపారో, ఎందుకో రాసి పెడితే పొద్దున షిఫ్టువాళ్ళు ఫోన్ చేసి నిద్ర లేపరు.