ఇంటి చదువు పెట్టె: సామాను మంచిదే, క్యాలెండరుతోనే చిక్కు

మా కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇంటి చదువు పెట్టె గురించి రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. ఇలాంటి పెట్టెలు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, చూసినంతవరకు అన్నిటి వరసా ఒకటే.

ముందు నా సంగతి చెప్పాలి. అనంతపురం జిల్లాలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చేసి రిటైరైనదాన్ని. సర్వీసంతా చిన్న తరగతులకే చెప్పాను. ఇప్పుడు అనంతపురం పాతూరులో మా ఇంట్లోనే మనవడికి చెబుతున్నా. వాడికి తొమ్మిదేళ్లు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో చూపిస్తే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడంలో వచ్చే ఇబ్బంది అన్నారు. మాటకారి, లెక్క నోటితోనే కట్టేస్తాడు. అదే లెక్క పుస్తకంలో వాక్యంగా కనిపిస్తే కళ్లు పక్కకు తిప్పుకుంటాడు. బడి మాన్పించి ఇంట్లో చెప్పాలనుకున్నప్పుడు కొన్నదే ఈ పెట్టె. ఆరు వేలకు కాస్త తక్కువ. తెలుగు కట్టకు మళ్లీ వేరే డబ్బు.

తెరిస్తే గరుకు కాగితంతో చేసిన అక్షరాల పలకలు, పూసల కడ్డీలు, బొమ్మల కార్డులు, వర్క్‌షీట్ల కట్టలు, ఒక ఇసుక గడియారం, గోడకు తగిలించే రంగురంగుల ప్లానరు ఉన్నాయి.

గరుకు పలకలకు నూటికి నూరు మార్కులు. మనం అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి పిల్లల వేలు పట్టి రాయిస్తాం. ఆ ఒక్క రోజుతో సరి, మర్నాటి నుంచీ పెన్సిలే. చూసి గుర్తుపట్టలేని పిల్లలకు వేలితో తడిమే పని నెలల తరబడి కావాలి. ఈ పలకల మీద అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలో చిన్న ఎర్రచుక్క కూడా వేశారు, అది ఇంకా మంచిది. మావాడు కళ్లు మూసుకుని తడిమి అక్షరం పేరు చెప్తాడు. కళ్లు తెరిస్తే అదే అక్షరానికి తడబడతాడు, అది వేరే సంగతి.

పూసల కడ్డీలూ బాగున్నాయి. కడ్డీకి పది పూసలు, పక్కన విడి పూసలు. 43లోంచి 7 తీసేయమంటే ఒక కడ్డీ ఇచ్చి పది విడి పూసలు తీసుకోవాలి. తీసివేతలో 'అప్పు తెచ్చుకోవడం' అని మనం నోటితో చెప్పేది వాడికి చేత్తో తెలిసింది. విడి పూసలు సగం మంచం కిందికి పోయాయి. ఇప్పుడు చెనక్కాయ గింజలతో నడుపుతున్నాం, అనంతపురంలో వాటికేం కరువు. మధ్యలో నాలుగు నోట్లో వేసుకుంటాడు, వాటినీ లెక్కలో చెప్పమంటాను.

ఇక ప్లానరు. ఏడాదిని వారాలుగా కోసి, ప్రతి వారానికీ తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) ఒకే అడ్డవరసలో పెట్టారు. పన్నెండో వారమంటే అన్నిట్లోనూ పన్నెండో వారమే. పిల్లలకు ఒక్కో సబ్జెక్టు ఒక్కో తీరుగా వస్తుందన్న ఆలోచనే అందులో లేదు. మావాడికి లెక్కలు నాలుగో తరగతివి నడుస్తున్నాయి. విని అర్థం చేసుకోవడంలో ఐదో తరగతి పిల్లలకు తీసిపోడు. సొంతంగా చదవడం మాత్రం ఒకటో తరగతి చివర్లో ఉంది. మరి వీణ్ణి ఏ వారంలో నిలబెట్టాలి?

ఈవీఎస్‌లో నీళ్ల పాఠం వచ్చింది. మన హెచ్చెల్సీ కాలువ నీళ్లు తుంగభద్ర డ్యాం నుంచి వస్తాయని వాడికి తెలుసు. ఊళ్లో మా చేలో బోరు ఎన్ని అడుగులకు పడింది, ఎందుకు ఎండింది, అవీ చెప్తాడు. కానీ వర్క్‌షీటులో అరపేజీ చదివి ఖాళీలు నింపాలి. ఆ కాగితం ప్రకారం వాడికి నీళ్ల గురించి ఏమీ తెలియనట్టే! అందుకే మొదట ఆ అడ్డవరసను తెంపాను. ఈవీఎస్ నేను చదివి వినిపిస్తా, వాడు నోటితో జవాబు చెప్తాడు, నేను రాసుకుంటా. లెక్కల్లో వాక్యం నేను చదువుతా, చేసేది వాడు. చదవడం నేర్చుకునే గంట వేరే. చదవడం రాలేదని మిగతా చదువంతా ఆపేస్తే తెలివైన పిల్లోడు కూడా మొద్దు అనిపించుకుంటాడు. నా సర్వీసులో వెనక వరసలో కూర్చున్నవాళ్లు చాలామంది ఇట్లాంటివాళ్లే.

తెలుగు కట్ట మాత్రం తెలుగు చెప్పని వాళ్లెవరో చేసినట్టుంది. అ నుంచి ఱ వరకు వరసగా రోజుకొక అక్షరం, తర్వాత రోజుకొక గుణింతం, ఆ తర్వాత ఒత్తులన్నీ రెండు వారాల్లో. ద పక్కరోజే ధ. ఈ రెంటికీ తేడా కిందున్న చిన్న గీతే కదా, ఇట్లాంటి పిల్లోడికి రెండూ కలిసిపోతాయి. నేను ద నేర్పి, అది గట్టిపడి చాలా రోజులయ్యాకగానీ ధ చూపించలేదు. 'వు'నూ 'మ'నూ అట్లాగే దూరం పెట్టాను. ఒత్తుల్లో మొదట గ, ట, డ, ద, ప, బ తీసుకున్నా. వీటి ఒత్తు అసలు అక్షరం పోలికలోనే ఉంటుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలిక ఉండదు, వాటిని కొత్త అక్షరాల కిందే లెక్కపెట్టి ఒక్కోదానికి వాడికి ఎంతకాలం పడితే అంతకాలం ఇచ్చాను. వీటిని అమ్మ, అన్న, అత్త అని రోజూ నోట్లో నలిగే మాటలతోనే మొదలుపెట్టాను.

ముందుకు పోవడానికి నాదొక్కటే షరతు. నిన్నటి పేజీలో పది మాటల్లో తొమ్మిది తడుముకోకుండా చదివితే కొత్త పేజీ. లేదంటే మళ్లీ అదే. "జేజీ, నిన్న చదివిందే కదా!" అంటాడు. "నిన్న చదివిందే కాబట్టి ఈ పొద్దు సులువు, చదువు నాయనా" అంటా. పావుగంటకు ఆపేస్తా, ఇంకో రెండు వాక్యాలు చదవగలడని తెలిసినా సరే. అలసిపోయాక చదివించింది నిలవదు. ఇసుక గడియారాన్ని షోకేసులో పెట్టేశా. నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో కొలవడానికట. ఇసుక రాలుతుంటే వాడు దాన్నే చూస్తాడు.

ధరలోనే వారానికో ఫోను కూడా ఉంది. ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడుతుంది.

"మేడమ్, ఏ వారంలో ఉన్నారు?"

"తెలుగులో మూడు, లెక్కల్లో ఇరవై."

"సిస్టంలో అట్లా ఎక్కించడానికి లేదు మేడమ్, ఒకటే నంబరు చెప్పండి."

"అయితే ఏదీ ఎక్కించొద్దమ్మా."

తర్వాత మెసేజి వచ్చింది. వెనకబడిన పిల్లలకు క్యాచప్ ప్యాక్ ఉందట. అడిగి చూస్తే అవే వర్క్‌షీట్లు, రోజుకు ఒకటి బదులు రెండు. దానికి డబ్బులు అదనం! అరగని పిల్లోడికి రెండో విస్తరి వడ్డించడం అంటే ఇదే.

చదవడానికి కథలు కావాలంటే ఈ పెట్టెలోని కార్డులు అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. 2015లో మొదలుపెట్టారు. కథల్ని నాలుగు స్థాయిలుగా విడదీశారు, మొదటి స్థాయివి 250 మాటల లోపే. వయసుకు కాకుండా చదివే శక్తికి తగ్గట్టు ఎంచుకోవచ్చు. మా కోడలు టవర్ క్లాక్ దగ్గర జిరాక్సు షాపులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయిస్తుంది. ఒక వాక్యం కింద ఇంకో వాక్యం కనబడకుండా అట్టముక్కకు సందు కోసి పెట్టాను. ఆ అట్టముక్క చేసిన మేలు ప్లానరు చేయలేదు.

బంధువులు అడిగేది ఒకటే: "పదో తరగతి ఎట్లా?" దేశమంతటికీ ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు ఉంది, మన రాష్ట్రానికీ ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదికి కట్టొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగతావి తర్వాత రాసుకోవచ్చు. చిన్న తరగతులకూ వాళ్ల దగ్గర ఏ, బీ, సీ అని మూడు స్థాయిలున్నాయి, 3, 5, 8 తరగతులకు సమానం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ చదువు ఇబ్బందులూ చేరాయి. సర్టిఫికెట్టు ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు. కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లోణ్ణి పదో తరగతి పేరు చెప్పి తరమాల్సిన పనిలేదు.

కొనాలా వద్దా అంటారా? ఐదుకు మూడు ఇస్తా. మూడూ పలకలకు, పూసలకే. విడిగా అమ్మితే ఆ రెండే కొనండి, తెలుగు కట్ట మాత్రం వద్దే వద్దు. సంవత్సరం చందా ఒకేసారి కట్టించుకోవాలని చూస్తారు, నెలనెలా కట్టే వీలుందేమో అడగండి. వాపసు గడువు పెట్టె ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు, ఆర్డరు చేసిన రోజు నుంచి లెక్క. మాకు పెట్టె వచ్చేసరికే సగం గడువు దాటిపోయింది. ప్లానరు మాత్రం కాగితం దళసరిగా ఉంది. వెనకవైపు పాల లెక్క రాస్తున్నాం, నెలాఖరున కూడేది మావాడే.