రాగి తీగ వదిలి నాలుగేళ్లు: ఫైబర్ వాడకంలో తేలిన సంగతులు

వాన పడితే ఫోన్‌లో గరగర, ఆ వెంటే నెట్ కట్. ఏడీఎస్ఎల్ (రాగి ఫోన్ తీగ మీదే వచ్చే నెట్) వాడినన్నాళ్లూ మా ఇంట్లో ఇదే తంతు. ఎక్కడో ఒక జాయింట్‌లోకి తేమ దిగితే చాలు, ఆ రోజుకి పని గోవిందా. ఫైబర్ వేయించుకుని నాలుగేళ్లు దాటింది. వానకి నెట్ పోయిన రోజు ఇప్పటిదాకా లేదు. గాజు పోగులో వెళ్లేది వెలుతురు, దానికి తడితో పని లేదు. ఉరుములు మొదలవగానే మోడెమ్ నుంచి ఫోన్ వైరు పీకే హడావుడీ తప్పింది. కరెంటు ప్లగ్ మాత్రం ఇప్పటికీ పీకుతాను.

అందరూ డౌన్‌లోడ్ స్పీడే అడుగుతారు. నాకు అసలు తేడా తెలిసింది అప్‌లోడ్‌లో. ఇంట్లోనే వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌కి కాగితం మీద 24 ఎంబీపీఎస్. ఎక్స్ఛేంజ్ దూరం కావడంతో మాకు వచ్చింది 6, అప్‌లోడ్ 1 కూడా దాటేది కాదు. 2 జీబీ ఫైలు పంపాలంటే నాలుగున్నర గంటల పైమాటే. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 83 శాతం దగ్గర ఆగిపోయి కనిపించేది. అది వెళ్తున్నంతసేపూ ఇంట్లో ఇంకెవరికీ పేజీ తెరుచుకునేది కాదు. ఫైబర్ వచ్చాక 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో అదే ఫైలు మూడు నిమిషాల్లోపే వెళ్లింది.

తర్వాత ప్లాన్ 300కి పెంచాను. ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 94 దగ్గరే ఆగింది. కంపెనీవాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను (తప్పు నాదే). సరిగ్గా 94, 95 దగ్గర ఆగిందంటే ఫైబర్‌ని అనుమానించకండి, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉన్నట్టే. మా పాత రౌటర్ పోర్టు అదే. మార్చగానే కేబుల్ మీద 300 వచ్చింది. రెండు గోడల అవతల వైఫై స్పీడు మాత్రం అంతంతే. దానికి ఫైబర్ ఏం చేస్తుంది?

నాలుగేళ్లలో పెద్ద టెన్షన్ పెట్టింది ఒక్కసారే. ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పేది) అన్న ఎర్ర లైటు మిణుకుమంటోంది. కంపెనీ నుంచి వచ్చినతను మీటర్ పెడితే వెలుతురు బలం మైనస్ 29 డీబీఎం చూపించింది (మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు బలహీనమన్నమాట). మైనస్ 27 దాటి పడిపోతే చాలా పెట్టెలు సిగ్నల్ పట్టుకోలేవట. అల్మరా జరిపినప్పుడు దాని కాలి కింద తీగ మడత పడింది. అతను మడత విప్పి, అరచేతి వెడల్పున గుండ్రంగా చుట్టి పెట్టగానే మైనస్ 19. ఎర్ర లైటు ఆరిపోయింది.

ఒక విషయంలో పాత ల్యాండ్‌లైన్‌దే పైచేయి. రాగి తీగలో ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి, అందుకే ఇంట్లో కరెంటు లేకున్నా ఫోన్ మోగేది. ఫైబర్‌లో ఆ సదుపాయం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడితే పెట్టెకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ కొనక తప్పదు.

ఫిట్టింగ్ రోజున పెట్టె ఎక్కడుండాలో మీరే చూపించండి, రెండు మూడు మీటర్ల తీగ అదనంగా వదలమనండి. నేను అడగలేదు. మా పెట్టె వీధి తలుపు వెనకాలే ఉండిపోయింది. ఎవరు తలుపు విసురుగా తీసినా నా గుండె గుభేలుమంటుంది.