స్ప్లెండర్‌కి గ్యాస్ షాక్‌లు వేయిద్దామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి (తిరుపతి)

అన్నలూ తమ్ముళ్లూ, తిరుపతిలో బండికి వెనక షాకబ్జర్లు మార్పిద్దాం అనుకునేవాళ్లు ఎవరన్నా ఉంటే డబ్బులిచ్చే ముందు ఇది చదవండి. నాకు 3,600 పోయినాయి, అది పోతే పోనీ, ఇంకొంచెం అయ్యుంటే ఘాట్ రోడ్డులో నేనూ మాయమ్మా పడుంటాం.

నాది 2014 స్ప్లెండర్, 80 వేలు దాటింది. రోజూ రేణిగుంటకి డ్యూటీ, ఆదివారమైతే చంద్రగిరి పక్కన మా ఊరు. వెనక ఒక షాకబ్జర్ ఆయిల్ కారతా ఉండింది, ఇంకోదానికి ఊపిరే లేదు, స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే వెనక కూర్చున్నోళ్లు నా వీపు మీద ఒకటి ఇచ్చుకోవడం మామూలైపోయింది. కంపెనీ జత అడిగితే స్టాక్ లేదు వారం ఆగండి అన్నారు. ఆగుంటే సరిపోయేది. ఆగలా.

సిటీలోనే ఒక స్పేర్స్ షాపు, పేరు రాయను, రాస్తే అదో తలనొప్పి. పోయి అడగ్గానే "ఈ కాలంలో మామూలువి ఎవరేస్తారన్నా, గ్యాస్‌వి వేసుకో, నైట్రోజన్, బండి తేలిపోతాది" అని ఒక జత తీసి కౌంటర్ మీద పెట్టినాడు. పసుపు స్ప్రింగు, పక్కన గ్యాస్ ఉంటాదనే ఎర్ర సీసా, దాని మీద ఇంగ్లీషులో ఏందో స్టిక్కరు. చూసేదానికి నిజంగానే బాగుండాయి, అబద్ధం చెప్పను, నా కళ్లు ఆ సీసా మీదనే ఉండిపోయినాయి. 4,200 చెప్పి 3,600కి దిగినాడు. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే జీఎస్టీతో ఇంకో 600 పైన అవతాదన్నా, మన మధ్య బిల్లెందుకు" అన్నాడు. నేనూ సరే అన్నా, తప్పు నాదే.

బిగించేటప్పుడే నాకు అనుమానం రావల్సింది. ఎడమ పక్క సీసా పోయి చీర గార్డుకి తగిలింది. "గార్డు తీసేద్దామా" అన్నాడు, మాయమ్మ రోజూ వెనక కూర్చునే బండి, అదీగాక వెనక చక్రానికి గార్డు ఉండాలని రూల్లోనే ఉంది, వద్దన్నా. సుత్తి తీసుకుని గార్డు కమ్మీని లోపలికి వంచేసినాడు. కింద బోల్టుకి బుష్ (షాక్ చివర బోల్టు దూరే రింగు) లూజుగా ఉంటే రెండు వాషర్లు పెట్టి బిగించేసినాడు. చివర్లో సీటు మీద రెండు చేతులతో నొక్కి "చూడన్నా ఎంత స్టిఫ్‌గా ఉందో" అన్నాడు, నేనూ నొక్కి చూసి గట్టిగా ఉందని సంబరపడినా. తర్వాత తెలిసింది ఏందంటే స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా తిప్పే రింగు ఉంటాది గదా, దాన్ని చివరి మెట్టులో పెట్టి ఇచ్చినాడు, అట్ల పెడితే ఏ షాక్ అయినా గట్టిగానే ఉంటాది. బరువు మోసేది స్ప్రింగు, కానీ నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగరకుండా పట్టుకునేది లోపల ఉండే ఆయిలు. ఆ ఆయిల్లో నురగ రాకుండా ఒత్తిడి పెట్టేదానికే నైట్రోజన్. మనం చూడాల్సింది గట్టిదనం కాదన్నమాట, నొక్కి వదిలితే ఎట్ల లేస్తాదనేది. మెల్లగా లేచి ఒక్కసారికే నిలబడాలి. నాది రబ్బరు బంతి మాదిరి మూడు నాలుగు సార్లు ఊగింది, నేనది సస్పెన్షన్ అనుకున్నా!

ఇంటికొచ్చి సెంటర్ స్టాండు వేస్తే వెనక చక్రం నేలకి ఆనుకునే ఉంది, తిరగదు. మామూలుగా గాల్లో ఉండాలి గదా. సైడు స్టాండు వేస్తే బండి పడిపోతాదేమో అన్నట్టు వాలిపోతా ఉంది. పాతది కొత్తది పక్కపక్కన పెట్టి పై బుష్ మధ్య నుంచి కింద బుష్ మధ్యకి టేపు పట్టి కొలిస్తే కొత్తది దగ్గర దగ్గర రెండు సెంటీమీటర్లు పొడవు. వేరే ఏదో బండి సైజు తెచ్చి నాకు తగిలించినాడు. ఫోన్ చేస్తే "సెట్ అయిపోతాదిలే అన్నా, నాలుగు రోజులు తోలు" అన్నాడు. ఇనుము ఎట్ల సెట్ అవతాదో నాకైతే అర్థం కాలా, అయినా తోలినా.

పన్నెండో రోజు శనివారం మాయమ్మని కొండకి తీసుకుపోయినా. ఎక్కేటప్పుడు టక్ టక్ అని శబ్దం తప్ప ఏమీ లేదు. దిగే రోడ్డు సంగతి మీకు తెలిసిందే, 1944 నాటి పాత ఘాట్, మలుపు తర్వాత మలుపు. అక్కగార్ల గుడి దాటినాక ఒక మలుపులో బండి వాల్చగానే వెనక చక్రం జానెడు పక్కకి జారింది. స్పీడు లేదు కాబట్టి కాలు ఆనించి ఆపుకున్నా. మాయమ్మ "గోవిందా" అని నా చొక్కా పట్టుకుంది, కాలరు చిరిగింది. దిగి చూస్తే కుడి పక్క షాక్ నుంచి ఆయిల్ కారి వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీద నుంచి టైరు అంచు దాకా వచ్చేసి ఉంది, వేలు పెడితే నల్లగా, పల్చగా, నీళ్ల మాదిరి. గుడ్డతో తుడిచి, టైరుకి మట్టి రుద్ది, మాయమ్మని వేరేవాళ్ల కారు ఎక్కించి, నేను ఒక్కణ్ణే నడక స్పీడులో అలిపిరి దాకా దిగినా.

మరసటి రోజు కొర్లగుంటలో మా పాత మెకానిక్ భాయ్ దగ్గర విప్పించినా. ఆయన సీసాని చేత్తో పట్టుకుని ఊపి నా మొహం చూసి నవ్వినాడు. "కొయ్యమంటావా?" అన్నాడు. హాక్సా పెట్టి కోస్తే లోపల ఆయిల్ లేదు, గ్యాస్ లేదు, షాక్‌లోకి పోయే రంధ్రమే లేదు. ఉట్టి డబ్బా, ఒక స్క్రూతో పక్కన తగిలించినారంతే. ఎర్ర పెయింటు మాత్రం బ్రహ్మాండం.

షాపుకి తీసుకుపోతే "నువ్వు కోసేసినావు గదన్నా, ఇంకేం రిటర్న్" అని ఎదురు నన్నే అన్నాడు, గోడకి "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" బోర్డు చూపించినాడు. ఆ బోర్డుకి విలువ లేదంట. 2019 వినియోగదారుల చట్టంలో చెడిపోయిన సరుకు వాపసు తీసుకోకపోతే తప్పు, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క, అసలు బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లెయింట్ పెట్టినా, నాకున్న ఆధారం ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటే. మీరు క్యాష్ ఇచ్చుంటే అదీ ఉండదు.

భాయ్ చెప్పింది చెప్తా. కొనేముందు పాతది ఒకటి విప్పి చేత్తో పట్టుకుపోండి, పొడవు, బుష్ రంధ్రం అక్కడే కలిపి చూడండి, వాషర్లు పెట్టి సర్దుతా అంటే వద్దనండి. రెండు పక్కలా ఒకేసారి మార్చండి. పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీదారు పేరు లేకపోతే ముట్టుకోవద్దు. సీసా కదిలినా, తిరిగినా డబ్బాయే.

ఇప్పుడు కంపెనీ జతే, సీసా గీసా లేనిది, మూడో మెట్టులో పెట్టినాడు భాయ్. మాయమ్మ వీపు మీద కొట్టడం మానేసింది, కానీ కొండకి మాత్రం బస్సులోనే పోతానంటా ఉంది. కోసిన సీసా నా డిక్కీలోనే ఉంది, లీలామహల్ పక్క ఎవరన్నా షాక్‌లు కొనేదానికి పోతా ఉంటే ముందుగా చెప్పండి, తెచ్చి చూపిస్తా.