దీనబంధు గోబర్ గ్యాస్: గోడ మీది గొట్టం రాకముందు, వచ్చాక

మా ఇంటి వెనక ఉన్న దీనబంధు ప్లాంటు (పేడతో వంట గ్యాస్ చేసేది, రోజుకు రెండు ఘనపు మీటర్ల రకం) గురించి, ఇన్నేళ్లు వాడాక రాస్తున్నాను. పేడకు ఎన్ని నీళ్లు కలపాలి, సబ్సిడీకి ఎవరి దగ్గరికి పోవాలి లాంటివి ఎవరిని అడిగినా చెబుతారు, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది వంటింటి గోడకు బిగించిన ఒక ప్లాస్టిక్ గొట్టం గురించి. ఇంగ్లీషు యు అక్షరంలా వంచి, సగం దాకా రంగునీళ్లు పోసిన గొట్టం. మొత్తం ప్లాంటులో అంత చవకైన వస్తువు ఇంకొకటి లేదు. ఈ ప్లాంటు మీద నాకు మంచి అభిప్రాయం ఉందంటే సగం దాని వల్లే. అది పెట్టకుండా కట్టి పోయినవాళ్ల మీద మాత్రం కోపం ఇంకా తగ్గలేదు.

మాది మదనపల్లె వైపు. మా నాన్న కాలంలో ఇనప డ్రమ్ముండే ఖాదీ కమిషన్ మోడల్ ఉండేది. గ్యాస్ నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది. పొద్దున పాలు పిండడానికి కొట్టంలోకి పోతూ ఒక చూపు చూస్తే చాలు, ఆ పూట లెక్క తెలిసిపోయేది. పప్పు గ్యాస్ మీద పెట్టాలా, కట్టెలు తేవాలా అని అమ్మ దాన్ని చూసే తేల్చుకునేది. కానీ ఇనుము ఇనుమే. ఏటా గీకి రంగు వేసినా, లోపలి గ్యాసుకు, బయటి వానకు తుప్పు పట్టి చిల్లులు పడేది. రెండుసార్లు వెల్డింగ్ చేయించి, ఆఖరుకు పాత ఇనుము కొనేవాడికి వేసేశాం.

అందుకే తర్వాత కట్టించింది దీనబంధు. పేడనీళ్ల గుంత మీద గ్యాస్ నిలిచేలా గుమ్మటంలా మూసిన డోము, ఇటుక, సిమెంటు తప్ప ఏమీ లేదు. కదిలే భాగం ఒక్కటీ లేదు, తుప్పు అనే మాట లేదు. అంతా భూమిలోనే కాబట్టి స్థలం కూడా పోదు. మొదటి రెండేళ్లు రెండు పూటలా వంట, మధ్యలో కాఫీ, అన్నీ దాని మీదే. సిలిండరు మూల కూర్చుంది. కనపడినవాళ్లందరికీ కట్టించుకోమని చెప్పాను, మా వీధిలో ఇద్దరు కట్టించుకున్నారు కూడా.

ఇబ్బంది ఎక్కడంటే, లోపల ఎంత గ్యాస్ ఉందో మనిషికి తెలిసే దారి లేదు. డ్రమ్ము లేదు కదా. పొయ్యి ముట్టిస్తే బుస్సుమని మండుతుంది, సరే ఉందిలే అనుకుంటాం. అన్నం సగం ఉడికే సరికి మంట నీలంగా చిన్నదై పడుకుంటుంది. డోములో ఒత్తిడి డ్రమ్ములోలా ఒకే తీరుగా ఉండదు. గ్యాస్ చేరేకొద్దీ స్లర్రీని, అంటే లోపలి పేడనీళ్లను, పక్కనున్న బయటి గదిలోకి తోస్తుంది, ఆ స్లర్రీ బరువే మళ్లీ గ్యాసును తోస్తుంది. నిండుగా ఉన్నప్పుడు మంట జోరు, ఖాళీ అవుతుంటే నీరసం. చుట్టాలు వచ్చిన రోజున ఈ నీరసం తగిలితే ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అమ్మ అయితే పాత డ్రమ్మే మేలని రోజూ సాధించేది.

ఆ డోము మన దగ్గర పుట్టింది కాదు. మూలం చైనాది. 1970ల్లో అక్కడ, ముఖ్యంగా సిచువాన్ రాష్ట్రంలో, ఊరూరా ఇలాంటివి లక్షల్లో కట్టారు. హడావుడిగా కట్టినవి చాలా భాగం కారి కొన్నేళ్లకే మూలపడ్డాయి. ఆ నమూనాను పట్టుకుని 1978లో ఉత్తరప్రదేశ్‌లో, ఇటావా దగ్గరి అజిత్‌మల్ గోబర్ గ్యాస్ కేంద్రంలో జనతా మోడల్ తయారుచేశారు. ఖర్చు ఇంకా తగ్గించి 1984లో అఫ్‌ప్రో (యాక్షన్ ఫర్ ఫుడ్ ప్రొడక్షన్) అనే స్వచ్ఛంద సంస్థ దీనబంధు తెచ్చింది. రెండు గోళాల ముక్కలను కలిపినట్టు ఉంటుంది కాబట్టి ఇటుక తక్కువ పడుతుంది.

చైనాలో దాని వాడకమే వేరు. అక్కడ పందుల పెంట, మరుగుదొడ్డి మలం, దానితో పాటు గడ్డి, పంట చెత్త కూడా వేసేవాళ్లు. ఏడాదికి ఒకటి రెండుసార్లు అంతా తోడి చేలకు చల్లేవాళ్లు. అందుకని డోము నెత్తిన తీసి పెట్టే మూత ఉండేది, బంకమన్నుతో అంచు మెత్తి పైన నీళ్లు నిలిపేవాళ్లు. మనవాళ్లు రోజూ పేడనీళ్లు పోసే పద్ధతికి మార్చుకున్నారు, నెత్తి మీది మూత తీసేశారు. తెలివైన పనే, మూత లేకపోతే అక్కడ కారే భయమూ ఉండదు. కాకపోతే గడ్డి వేసే దారి కూడా దానితోనే పోయింది. వరిగడ్డి, వేరుశనగ కట్టె లాంటివి వేస్తే పైకి తేలి తెట్టు కడతాయి, తీయడానికి పైన మూత ఉండదు. టమాటా ధర పడిపోయినప్పుడు మా వైపు రోడ్డు పక్కన గుట్టలుగా పారబోస్తారు. అవన్నీ గ్యాస్ చేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పేడతో కలిపి కొంచెం వేస్తే పరవాలేదు, ఎక్కువైతే లోపల పులిసి మంటే రాదు. పంట వ్యర్థాలతో గ్యాస్ అని పేపర్లలో రాసేది చదివి దీనబంధు కట్టించుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఇది పేడ ప్లాంటు.

ఇక గొట్టం సంగతి. ఆ మార్పులన్నీ చేసినవాళ్లు బాగానే చేశారు. కానీ చైనా ఇళ్లలో పొయ్యి పక్కనే ఉండే ఒత్తిడి చూపించే గొట్టం మా దాకా రాలేదు. కాగితం మీద ఉండిందో లేదో గానీ మా ఊళ్లో కట్టినవాళ్లెవరూ పెట్టలేదు.

నాకది తెలిసింది ప్లాంటు చెడిపోయినప్పుడు. ఒక కార్తీకంలో గ్యాస్ తగ్గడం మొదలైంది. చలికి తగ్గుతుంది, మామూలే అనుకున్నాం. సంక్రాంతి పోయి ఎండలు మొదలైనా పెరగలేదు, కాఫీ కాచుకునేంత మంట కూడా కష్టమైంది. కట్టినవాళ్లకు ఫోన్ చేస్తే ఒకతను వచ్చి, పేడలో దమ్ము లేదు, జెర్సీ ఆవుల పేడ అంతే అని చెప్పి పోయాడు. అదే ఆవులు, అదే పేడ, అంతకుముందు ఎలా మండింది మరి? తర్వాత ఇంకొకతను వచ్చి డోము పగిలింది, మొత్తం తోడి లోపల మళ్లీ పూత వేయాలన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు వింటే కొత్తదే కట్టుకోవచ్చు అనిపించింది. పైగా లోపలికి దిగే పని. తోడిన గుంతలోనూ గాలి ఉండదు, అలా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి వింటూనే ఉంటాం. మా ఆవిడ ఆ మాట వినగానే వద్దే వద్దంది.

చివరికి మా బావమరిది కోలారు వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీని తీసుకొచ్చాడు. జీవితమంతా ఇవే కట్టినాయన. వచ్చి డోము వంక కూడా చూడలేదు, నేరుగా వంటింట్లోకి పోయి, బజారు నుంచి లోపల కనిపించే పైపు తెమ్మన్నాడు. మీటరు పైన ఎత్తు వచ్చేలా యు ఆకారంలో వంచి గోడకు కట్టి, కుంకుమ కలిపిన నీళ్లు పోసి, ఒక కొసను గ్యాస్ పైపుకు తగిలించాడు. రెండో కొసకు పైన ఖాళీ సీసా ఒకటి వేలాడదీశాడు. ఎప్పుడైనా ఒత్తిడి మరీ ఎక్కువైతే నీళ్లు ఎగిరి సీసాలో పడతాయి, గ్యాస్ బయటికి పోతుంది, డోముకు ఏమీ కాదు.

"డోమును ఏమీ అడగొద్దు నాయనా, ముందు పైపును అడుగు" అన్నాడు. పైపులోకి గ్యాస్ వదిలి, డోము దగ్గరి వాల్వు మూసి, నీళ్లు నిలిచినచోట సుద్దముక్కతో గీత పెట్టాడు. గంట సేపు కూర్చుని మా అమ్మతో పాత కరువుల గురించి మాట్లాడాడు. నీళ్లు గీత నుంచి కదల్లేదు. అంటే పొయ్యి నుంచి వాల్వు దాకా పైపులో తప్పు లేదు. తర్వాత వాల్వు తెరిచి, రాత్రంతా ఎవరూ పొయ్యి ముట్టించొద్దని చెప్పి పడుకున్నాడు. తెల్లారేసరికి నీళ్లు కొంచెం లేచి ఒకచోట ఆగి ఉన్నాయి. మధ్యాహ్నం దాకా చూశాం, అక్కడే. లోపల పుట్టే గ్యాసూ, కారిపోయే గ్యాసూ సమానమయ్యేది ఆ గీత దగ్గర అని ఆయన లెక్క. పేడలో దమ్ము ఉంది, గ్యాస్ పుడుతోంది, ఎక్కడో పోతోంది.

డోము నెత్తిన గ్యాస్ పైపు బయటికి వచ్చేచోట మట్టి తీయించాడు. పైపు మొదలు చుట్టూ చిన్న కట్ట కట్టి నీళ్లు పోశాడు. అంతే, ఒక పక్క నుంచి బుడగలు. ఆ పైపుకు చుట్టూ ఏ ఆసరా లేదు, వంటింటి దాకా పోయే లైను మట్టిలో కుంగినప్పుడల్లా దాన్ని లాగుతోంది. మొదట్లో సిమెంటు వెంట్రుకంత విడిపోయి ఉంటుంది, అది పెరిగింది. డోము గోడలో ఎక్కడా పగులు లేదు. ఆయన ఆ చుట్టుపక్కల చెక్కి, నీళ్లు దిగకుండా మందు కలిపిన సిమెంటు పెట్టి, పైపు చుట్టూ ఇటుకలతో మోకాలెత్తు గుండ్రటి కట్టు కట్టాడు. మళ్లీ నీళ్లు పోసి చూశాం, బుడగ లేదు. ఖర్చు ఆయన కూలీ, రానుపోను చార్జీలు, ఒక సిమెంటు బస్తా. పైపు ముక్కను తీసేయబోతే నేనే వద్దన్నాను.

అప్పటి నుంచి అదే మా డ్రమ్ము. పొద్దున లేవగానే ఎవరో ఒకరం చూస్తాం. నీళ్లు ఎంత ఎత్తులో ఉంటే ఎంత వంట అవుతుందో ఇంట్లో అందరికీ అలవాటైంది. మంట ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో నీళ్లు కూడా ఊగుతాయి, లైనులో తేమ నిలిచిందని అర్థం, పోయి ఆ నీళ్లు బయటికి వదిలేస్తే సరి. అమ్మ సాధించడం మానేసింది.

దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. అది చూపించేది ఒత్తిడిని, గ్యాస్ పరిమాణాన్ని కాదు. ఎండాకాలంలో బయటి గదిలో స్లర్రీ గట్టిపడి, పొంగి పోయే రంధ్రం మూసుకుపోతే గొట్టంలో నీళ్లు బాగా పైకి కనిపిస్తాయి, పొయ్యి మీద మాత్రం అంత సేపు రాదు. మొదట్లో సిలిండరు మూల కూర్చుందని రాశాను కదా, అది నాలుగైదు ఆవులున్నప్పటి మాట. ఇప్పుడు ఆవులు మూడే, రోజూ యాభై కిలోల పేడ రాదు. చలికాలం రెండు నెలలు సాయంత్రం వంటకు సిలిండరే. మా మాట విని కట్టించుకున్న ఇద్దరిలో ఒకరు ఆవులు అమ్మేశారు, వాళ్ల ప్లాంటు ఎండి ఉంది.

పైపు మొదలు చుట్టూ ఆ మేస్త్రీ కట్టిన ఇటుకల కట్టు సంగతి తర్వాత చదివాను. నేపాల్‌లో కట్టే జీజీసీ 2047 మోడల్లో అది డిజైనులోనే ఉంటుందట. అక్కడి గోబర్ గ్యాస్ కంపెనీ తయారుచేసిన మోడల్ అది. అంకె నేపాలీ సంవత్సరం, మన లెక్కలో 1990. దాని డోము ఇటుకది కాదు, మట్టిని గుట్టగా పోసి దాని మీద కాంక్రీటు పోస్తారు. ఇథియోపియాలో సినిడు అని కట్టేది దీన్ని వాళ్లకు తగినట్టు మార్చుకున్నదే. నేపాల్ వాళ్లలో నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. 1992లో మొదలైన వాళ్ల పథకంలో సబ్సిడీని కట్టుబడి నాణ్యతతో ముడిపెట్టారు. లెక్క తప్పి కడితే కంపెనీకి కోత, కట్టాక కొన్నేళ్లు వచ్చి చూసే బాధ్యత కూడా కట్టినవాళ్లదే. మా దగ్గర కట్టి, ఫోటో తీసి, పోయారు. చైనాలో మూలపడ్డవీ, మా వీధిలో మూలపడ్డవీ చూస్తే నాకు డిజైను మీద అనుమానం రాదు. డ్రాయింగు ఏ దేశానికైనా పోతుంది. ఆ ముసలాయనలాంటి మనిషి దొరకడమే కష్టం, ఆయన కూడా ఈ మధ్య పనికి రావడం లేదు.

కట్టించుకోవచ్చా అంటే మా పరిస్థితికి సరిపోయింది, అంతవరకే చెప్పగలను. ఇంటి దగ్గర రోజూ పేడ కలిపే మనిషి, కనీసం నాలుగు ఆవులు, చుట్టుపక్కల ఈ పని తెలిసిన ఒక మేస్త్రీ ఉంటే దీనబంధు బాగుంటుంది. పాలకే కాకుండా స్లర్రీ కోసం కూడా ఆవులుంచుకునే రైతైతే ఇంకా మంచిది, మా మల్బరీకి ఎరువు కొనడం బాగా తగ్గింది. భూమిలో పైనే నీళ్లు తగిలే ఊళ్లలో మాత్రం నేను సలహా ఇవ్వను, అక్కడి సంగతి నాకు తెలియదు. మా బావమరిది ఈ ఏడు పైన పరిచే ప్లాస్టిక్ సంచి రకం కొన్నాడు, ఉబ్బితే కంటికి కనపడుతుంది కాబట్టి గొట్టం అక్కర్లేదంటాడు. ఎండకు అది ఎన్నేళ్లు నిలుస్తుందో చూడాలి.